నాలుగు దగ్గర అరిగిన చుక్క

ఆరు దగ్గర చిన్న మీట. నొక్కితే
అద్దం రెప్పలా లేస్తుంది.
లోపల పన్నెండుకి మూడు చుక్కలు,
మూడుకీ ఆరుకీ తొమ్మిదికీ రెండేసి,
మిగిలినవాటికి ఒంటి చుక్క.
ముళ్లు మొద్దుగా ఉంటాయి,
వేలు తగిలితే వంగకూడదు కదా.

ఇలాంటివి నా దగ్గర ముప్పై ఒకటి.
టిబిలిసిలో ఎండు వంతెన మీద
పాత పతకాలకీ మూతల్లేని కెటిల్‌లకీ నడుమ
దుప్పట్లు పరిచి అమ్ముతారు.
ప్రతి శనివారం వంగి వంగి వెతుకుతాను.
ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మెడ
ఎలాగూ పైకి లేవదు.

మొదట్లో ఒక్కటే అడిగేవాణ్ణి: "కొత్తదానిలా ఉందా?"
చుక్కలు పదునుగా ఉండాలి, పూత చెదరకూడదు.
అంటే, ఎవరూ చదవని గడియారం కావాలి నాకు.
ప్రూఫురీడరు బుద్ధి.
మరక లేని పేజీయే మంచి పేజీ.

కానీ అన్నిటికంటే ముందు వచ్చింది కొన్నది కాదు.

తొంభై మూడు చలికాలం.
కరెంటు లేదు, గ్యాసు లేదు,
కొవ్వొత్తిని కూడా కొలిచి వెలిగించే రోజులు.
మెట్లదారిలో చీకటి
తడిగోడలా చేతికి తగిలేది.
అయిదో అంతస్తులో షల్వా,
అంధుల సంఘం వర్క్‌షాపులో బ్రష్షులు కట్టేవాడు,
ఆ బిల్డింగు మొత్తానికి టైము ఆయన దగ్గరే.
"షల్వా, ఎంతయింది?" కిందినుంచి కేక.
టక్.
నలభైమంది ఒక వేలి కోసం ఆగిన నిశ్శబ్దం.
"నాలుగు కావస్తోంది!"
ఒక్కో తలుపూ తెరుచుకునేది, రొట్టె క్యూకి.
కళ్లున్నవాళ్లం గోడలు తడుముకుంటూ దిగేవాళ్లం.
పైనుంచి ఆయన గొంతు:
"రెండో మలుపులో కమ్మీ ఊడింది, చూసుకోండి."

షల్వా పోయాక ఎతేరి ఆ వాచీ నా చేతిలో పెట్టింది.
భూతద్దం కింద తిప్పి చూశాను.
నాలుగు దగ్గర చుక్క లేదు.
అరిగి అరిగి, వాడిన సబ్బుబిళ్లంత నున్నన.
ఉబ్బిపోయాను. నోట్‌బుక్‌లో రాసుకున్నాను:
'మా అందరి ఆకలీ కలిసి ఈ చుక్కని తినేసింది.'

చదివి వినిపిస్తే
ఎతేరికి టీ పొలమారింది, నవ్వి నవ్వి.
"రొట్టెకి పోయింది నేను, గివీ.
ఆయన కేక వేసి మళ్లీ దుప్పట్లో దూరేవాడు.
నాలుగంటే సాయంత్రం నాలుగు.
పనయ్యాక ట్రాలీబస్ స్టాపు దగ్గరికి నేను రావాలి.
ఎప్పుడు టైముకి వచ్చాను గనక?"
కాసేపాగి, కప్పులోకి చూస్తూ అంది:
"మీరు ఎన్నిసార్లు చూసినా ముల్లు కదలదు.
ఆయన అన్నిసార్లు తడిమితే కదిలిపోయేది.
నా పది నిమిషాల ఆలస్యం
ఆయన లెక్కలో పావుగంట.
ఆ పావుగంటకే పోట్లాట."

ఇంటికొచ్చి నా వాక్యాన్ని కొట్టేశాను,
మార్జిన్లో గుర్తు కూడా పెట్టి.
ఆ ఏడు క్యూలో మా బిల్డింగువాళ్లం
అందరికంటే ముందుండటానికి కారణం
అదేనేమో. ఎతేరి ఆలస్యం.

ఇప్పుడు వంతెన మీద కళ్లు మూసుకుని కొంటాను.
"అరిగిపోయింది, తగ్గించి ఇస్తా" అంటాడు రమాజ్,
పాపం, ఏం అమ్ముతున్నాడో తెలియక.
ఒకదానికి పదకొండు అరిగింది.
ఒకదానికి ఏడూ ఎనిమిదీ.
మొన్న ఒకటి దొరికింది,
పన్నెండు గంటలూ ఒకే తీరున అరిగినది.
దాన్ని మళ్లీ దుప్పటి మీదే పెట్టేశాను.
ఎందుకో నా చేతికి పెట్టుకోలేననిపించింది.

రాత్రి మెలకువొస్తే దీపం వేయను.
ఎడమ చేతికి షల్వా వాచీ.
టక్.
"ఎంతయింది?" నిద్రలోంచి మానానా.
పొట్టి ముల్లు కొస దాటి వేలు జరిపాను,
చుక్క కోసం.
ఏమీ తగల్లేదు.

"నాలుగు" అన్నాను.