గాలికి ఎన్ని నెలలు

అబర్డీన్ రేవులో మా క్యాంటీన్ కిటికీకి
ఉప్పు పేరుకుని సగం లోకమే కనిపిస్తుంది.
ఆ సగంలో రెండు పసుపు పడవలు, ఒక క్రేను మెడ.
ఇవతల సెంగా రెన్నీ,
మూడు కరపత్రాలు, కొరికి వదిలేసిన సాసేజ్ రోలు,
మీగడ కట్టిన టీ.

ఆగ్నెస్ అని ఇంగ్లీషులో రాసి
వెనక నుంచి చదివితే సెంగా.
నాయనమ్మ పేరును తిరగేసి పెట్టారట.
"పుట్టినప్పుడే నా ప్లాను తలకిందులు" అంటుంది,
కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా.

పధ్నాలుగేళ్ళుగా ఆమె పని
నడిసముద్రంలో నూనె తోడి తోడి అలిసిన
ఇనుప దీవుల్ని ఊడదీయించడం.
కట్టినవాళ్ళకి రిబ్బనూ కత్తెరా ఉంటాయి.
విప్పేవాళ్ళకి జాబితాలే.
ఏ పడవ ఎప్పుడు, ఏ బోల్టు ఎవరిది,
వంటవాడికి జ్వరమొస్తే నలభైమందికి సూపెవరు కాస్తారు,
అన్నీ ఆమె నోటిలెక్క.
జీతం చీటీ మీద మాత్రం ఇప్పటికీ
సహాయకురాలు.

కంపెనీ ఒక్క పరీక్షకి ఫీజు కడతానంది.
ఒక్కదానికే. శుక్రవారం లోపు.

"నువ్వేం చదివావు, డూగీ?"
స్క్రమ్ అన్నాను.
రగ్బీ మాట కదా అని చేరానని కూడా ఒప్పుకున్నాను.
రెండ్రోజులు గోడకి రంగు చీటీలు అంటించాం.
మా పనిలో గోడ ఎక్కడుంది,
ఆ గాలికి చీటీ ఎక్కడ నిలుస్తుంది?
నా సర్టిఫికెట్టు మెట్లకింద
పెయింటు డబ్బాల వెనక క్షేమంగా ఉంది.

మిగిలినవి రెండు.
పి.ఎం.పి. వస్తే హ్యూస్టన్ వాళ్ళు
మెయిల్‌కి అదే రోజు జవాబిస్తారని వినికిడి.
డిగ్రీ లేనివాళ్ళు
ఐదేళ్ళ నాయకత్వం నెలల్లో చూపించాలి.
ఒకే నెలలో రెండు పనులు మోసినా
లెక్కకి ఒక్క నెలే.
"కవలల్ని కన్నా ఒకటే పురుడన్నట్టు"
అంటూ పెన్ను తీసింది.

రాస్తూ రాస్తూ ఒకచోట ఆగింది.
"ఆ జనవరిలో గాలి తగ్గేదాకా
ఇరవైరెండు రోజులు కాచుకున్నాం.
అది నడపడమా, ఆగడమా?"
ఆ ఇరవైరెండు రోజులూ
తిట్లు ఎవరు తిన్నారు,
అద్దె పడవని చేజారకుండా ఎవరు పట్టుకున్నారు అని అడిగాను.
"నేనే."
అయితే రాయి.
రాసింది.

తర్వాత గోర్డన్ పల్లెలో
అలలు కొరికేసిన రేవుగోడ పని వచ్చింది.
చిన్న బడ్జెట్టు, ఆరుగురు మేస్త్రీలు,
రోజూ వచ్చి తప్పులెంచే ఒక ముసలి పీతలవాడు.
తొమ్మిది నెలలు.
ఆ తొమ్మిదీ రాసేటప్పుడు
పెన్ను తొందరపడలేదు.
రాళ్ళ రంగు కూడా చెప్పింది, ఫారంలో దానికి గడి లేకపోయినా.

అక్కడితో హ్యూస్టన్ కాగితాన్ని మడిచి
ఊగుతున్న బల్లకాలు కింద పెట్టింది.

రేవు బోర్డుల వాళ్ళు, కౌన్సిలు వాళ్ళు
అడిగేది ప్రిన్స్ టూ.
ఈ పని ఇంకా చెయ్యదగ్గదేనా అని
అంచెఅంచెకీ ఆగి అడగమంటుందట అది.
తేలికదాన్ని పట్టుకున్నావు,
జీతం కూడా తేలికే అన్నాను.
"చొక్కా కొనేముందు ఒంటి కొలత తియ్యాలి, డూగీ.
ఇన్నాళ్ళూ నేను బీరువాని కొలిచాను."

నాకు జవాబు తోచలేదు.
మెట్లకింద డబ్బాలు గుర్తొచ్చాయి.

పూర్తి పేరు అన్న గడిలో
సగం రాసిందో లేదో ఫోను మోగింది.
పొగమంచు దిగుతోందట.
"గురువారం కుదరదు. శనివారం తెల్లారి నాలుగింటికి.
లేదు, నువ్వు చెప్పకు. వాళ్ళకి నేను చెబుతా."
ఫారం మీద టీ గ్లాసు పెట్టి వెళ్ళిపోయింది.
సెంగా రె, దాని మీద గుండ్రటి మరక.

నేను లేచి చొక్కాచేత్తో
కిటికీ అద్దం తుడిచాను.
ఉప్పు అవతలి వైపుంది.