తలుపు తీయని లెక్క

బ్రాడీపేట నాలుగు బై పద్నాలుగులో
మేడమెట్ల కింద ఖాసింపీరా పంచర్ల కొట్టు.
ఎనిమిదేళ్ళు గోవా పడవలో ముక్కలు పంచిన చేతులు
ఇప్పుడు ట్యూబుని నీళ్ళ బేసినులో ముంచి
బుడగ ఎక్కణ్ణించి వస్తుందా అని చూస్తాయి.

సాయంత్రం ఆరున్నరకి
కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చి
ముక్కుకి కట్టిన చున్నీ విప్పి, రెండు తుమ్ములు తుమ్మి
స్టూలు మీద కూర్చుంటాను.
"రెండు నుంచి ఆరు దాకా చిన్నవి. పడిందంటే ఒకటి కలుపు.
పది, జాకీ, రాణి, రాజు, ఆసు. పడిందంటే ఒకటి తీసెయ్.
ఏడూ ఎనిమిదీ తొమ్మిదీ
చూసీ చూడనట్టు వదిలెయ్."
అంతేనా, అన్నాను.
అంతే, అన్నాడు.

మొదటి వారం ఇరవయ్యో ముక్క దాటలేదు.
ఎదుటి బండివాడు "ప్లేటు ముప్పై" అంటే
ఆ ముప్పై వచ్చి నా లెక్కలో పడేది.
పీరా కావాలని పంపు కొట్టేవాడు.
"తేజ క్వింటా ఎంత పలికిందక్కా ఇవాళ?"
చెప్పేదాన్ని. లెక్క పోయేది.
"పడవలో పాటలుంటాయి. గ్లాసుల్లో ఐసు చప్పుడుంటుంది.
నీ పక్కనే ఒకడు ఏడుస్తుంటాడు.
మళ్ళీ మొదట్నించి."

వేబిల్లు వెనక పట్టిక రాసిచ్చాడు.
నీకు పన్నెండు, ఎదుట నాలుగు: ఆగు.
ఎనిమిదులు జంటొస్తే విడదీయి, ఎదుట ఎవరున్నా.
ఆసు ఒకటీ అవుతుంది, పదకొండూ అవుతుంది
(బకాయి అడిగిన రోజుని బట్టి మా ఓనరు మాటలాగా).
నీకు పదహారు, ఎదుట పది: ఇంకో ముక్క అడుగు.

"అడిగితే పోతానుగా?"
"పోతావు. నూటికి డెబ్బై నాలుగుసార్లు పోతావు.
అడక్కపోతే ఇంకో రెండు మూడుసార్లు ఎక్కువ పోతావు."
ఆ రెండు మూడిటి కోసమా ఇంత చదువు?
"వాటికోసమే."

మా ఇంట్లో పేకని పేక అనరు. "అది" అంటారు.
పెదనందిపాడు రోడ్డు పక్క ఎకరంన్నర పత్తిచేను
నాన్న ఒక కార్తీక వనభోజనాల్లో
ఉసిరిచెట్టు కింద, "అది"లో పెట్టాడు.
లోనా బయటా.
ఈ సంగతి పీరాకి నాలుగోవారం చెప్పాను.
ఏం లెక్కపెట్టి ఉంటే ఆ చేను మిగిలేదో చెప్పమన్నాను.
అతను సొల్యూషన్ ట్యూబు మూత
చాలాసేపు బిగించాడు.
"లోనా బయటాలో లెక్కుండదక్కా.
ఎంత తెలివైనోడికైనా ఉండదు."
ఇంతవరకూ అంత ఓదార్పు మాట ఎవరూ అనలేదు నాతో.
అంత కోపమూ ఎవరూ తెప్పించలేదు.

నిన్న పరీక్ష.
ఒక ముక్క తనూ చూడకుండా లాగి
స్పానరు కింద బోర్లా పెట్టాడు.
మిగిలిన యాభై ఒకటీ తిప్పడం మొదలెట్టాడు.

నా ఉద్యోగమే ఇది.
మూడో చాంబరులో ఎన్ని టిక్కీలున్నాయో
తలుపు తీయకుండా చెప్పాలి.
లోపలికెళ్ళినవి కలుపుతాను, బయటికొచ్చినవి తీసేస్తాను,
తలుపు తీస్తే చలి పోతుంది, చలికి బిల్లు వస్తుంది.
పంపు కొట్టాడు.
తేజ రేటు అడిగాడు. చెప్పాను, బాడిగ రేటుతో సహా.
చివరి ముక్క డైమను రాణి. ఒకటి తీసేశాను.
సున్నా.

తప్పానేమో అనుకున్నాను.
పెద్దది దాగుంటే ఒకటి మిగలాలి.
చిన్నది దాగుంటే ఒకటి తగ్గాలి.
ఏమీ మిగల్లేదంటే, ఏమీ తగ్గలేదంటే
"చూసీ చూడనట్టు వదిలేసినవాటిలో ఒకటి," అన్నాను.
స్పానరు ఎత్తాడు.
కళావరు ఎనిమిది, మూల మీద గ్రీజు వేలిముద్రతో.

గోవా ఎప్పుడు, అని అడిగాడు.
నేను జవాబు చెప్పలేదు.
ఆ ఎనిమిదిని ఇంటికి పట్టుకెళ్తానన్నాను,
అది లేకపోయినా లెక్క మారదు కదా అని.

"లెక్క మారదు," అన్నాడు పీరా,
దాన్ని నా చేతిలోంచి తీసుకుని
మధ్యలో ఎక్కడో దూరుస్తూ.
"పేక పాడైపోద్ది."