రసమట్టం

సెడూనా దాటాక దుకాణాల్లేవు.
రోడ్డుకి అటూ ఇటూ ఉప్పుపొదలు,
ఎండి పెళుసెక్కిన సున్నపురాయి.
సముద్రం ఎడమ చేతి పక్కనే ఎక్కడో ఉంది.
కనిపించదు.
కారు అద్దం మీద తెల్లగా పేరుకుంటుంటే
ఉందని తెలుస్తుంది.

కారు గార్త్‌ది.
వెనక ఊగుతూ వచ్చే కారవాన్ నాది,
ఇరవయ్యారేళ్లు స్కూలు బస్సు నడిపి దాచిన డబ్బు.
వంద కిలోమీటర్లు అతను, వంద నేను.
పెట్రోలు ఒకసారి అతను, ఒకసారి నేను.
వేయించిన చేపని కూడా
వెన్నుముల్లు వెంట సరిగ్గా చీలుస్తాం.

ఆగిన చోటల్లా
ముందు మోకాళ్ల మీద కూర్చుంటాడు.
రసమట్టం తీసి గుమ్మంలో పెడతాడు.
పచ్చటి నీళ్లలో బుడగ
కాస్త అటు, కాస్త ఇటు.
చక్రం కింద ఒక చెక్క.
చాలదు, ఇంకొకటి.
అప్పటిదాకా స్టవ్ వెలిగించకూడదు.
బుడగ రెండు గీతల నడుమ కుదురుకున్నాక
"ఊఁ" అంటాడు.
ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ ఊఁ కోసం
అగ్గిపెట్టె పట్టుకుని నిలబడే మనిషిని నేను.

స్మోకీ బేలో ఆల్చిప్పలు పెంచే ఆంటే
డజను చేతిలో పెట్టి, డబ్బు వద్దన్నాడు.
"గాలి దక్షిణానికి తిరుగుతోంది,
అంచుకి దూరంగా ఆపుకోండి" అన్నాడు.
వాళ్ల తాత ఏడ్రియాటిక్ నుంచి తెచ్చిన కత్తితో
రెండు చిప్పలు తెరిచి తినిపించాడు.
అందులో సముద్రం ఇంకా చల్లగా ఉంది.

నాలుగో రోజు
పేరు లేని చోట ఆగాం.
టైర్ల గుర్తులు, ఆరిన నెగడు తప్ప ఏమీ లేదు.
నేల సముద్రం వైపు ఒరిగి ఉంది.
గార్త్ డిక్కీ తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.
చెక్కలు నిన్నటి మజిలీలోనే ఉండిపోయాయి.
మర్చిపోయిందెవరో ఇద్దరికీ తెలుసు.
అందుకే ఎవరమూ అడగలేదు.

చెట్టన్నది లేని మైదానంలో చెక్కెక్కడిది?
రాళ్లు పెట్టి చూశాడు.
సున్నపురాయి కదా, చక్రం ఎక్కగానే
బిస్కట్టులా పొడైంది.
బుడగ కుడి చివరకి పోయి
గోడకి అంటుకున్న పురుగులా ఉండిపోయింది.
చీకటి పడేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆ రాత్రి కప్పులో టీ ఒక పక్కకి ఒత్తిగిలింది.
ఉల్లిపాయ దొర్లింది, దాని వెనకే చెంచా,
చెంచా వెనకే అతని కళ్లజోడు.
పడుకున్నాక గార్త్ దొర్లి నా మీదకొచ్చాడు.
"సారీ" అని పైకి పాకాడు.
నిద్రపట్టగానే మళ్లీ వచ్చాడు.
మూడోసారి సారీ చెప్పలేదు.
నాకు నవ్వొచ్చింది.
నా నవ్వుకి మంచం ఊగి
అతనికీ వచ్చింది.

అప్పుడు వినపడింది, కొండ కింది నుంచి:
కొలిమితిత్తిని ఒక్కసారిగా తొక్కినట్టు
పెద్ద ఊపిరి.
కాసేపాగి, పక్కనే, చిన్నది.
"తిమింగలం" అన్నాడు.
"పిల్లతో ఉంది" అన్నాను.
మళ్లీ పెద్దది. మళ్లీ చిన్నది.
లేచి కిటికీ తీద్దామనుకున్నాం.
ఎక్కాల్సిన ఎత్తు చూసుకుని
ఇద్దరం ఊరుకున్నాం.
అతని బరువుకి నా చెయ్యి తిమ్మిరెక్కింది,
తియ్యమనలేదు.

పొద్దున్నే ఎవరు నడపాలో
లెక్క చూసుకోవడం మర్చిపోయాం.

దారిలో పెట్రోలు బంకు నడిపే డోరీన్
గొర్రెల కంచె కూలగొట్టిన చెక్కలున్నాయి, పట్టుకెళ్లండంది.
గార్త్ నాలుగు ఏరాడు.
మూలలు నున్నగా ఉన్నవి చూసి మరీ ఏరాడు.

సాయంత్రం ఇంకో వాలు.
మోకాళ్ల మీద కూర్చుని చక్రం కింద చెక్క తోస్తున్నాడు.
నేను అగ్గిపుల్ల గీశాను.
చప్పుడుకి తలెత్తి చూశాడు.
ఏదో అనబోయి
చేతులకంటిన మట్టి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

బుడగ ఇంకా కుడి పక్కనే ఉంది.