గ్లవ్‌లో చీటీ

గ్రిమ్స్‌బీలో జనవరిన తెల్లవారదు.
షిఫ్టు మొదలవుతుంది, అంతే.
మూడో బల్ల దగ్గర నా పక్కన దంగువోలె,
లిథువేనియా మనిషి, యాభై ఒకటో ఏడు,
హాడక్ చేపని వెన్నెముక నుంచి విడదీస్తూ
పెదవులు కదుపుతుంటుంది.
కొత్తలో జపం అనుకునేదాన్ని.

ఎడమ గ్లవ్ లోపల, ప్లాస్టిక్ సంచిలో,
రోజుకొక చీటీ.
అగ్గిపెట్టెంత అట్టముక్క.
ఒకవైపు ఇంగ్లీషు మాట, రెండోవైపు ఖాళీ.
"అర్థం రాసుకుంటే కళ్ళు అటే పోతాయి" అంటుంది.

సోమవారం మెటిక్యులస్.
పోర్చుగల్ నాలుక నాది, తిరగలేదు.
తను ఒక్క ముల్లూ మిగలని ముక్కని
దీపం కింద ఎత్తి పట్టుకుంది.
అర్థమైంది.
రిలక్టెంట్ అంటే
నాలుగింటికి అలారం మోగాక కూడా
దుప్పట్లోంచి బయటికి రాని కాలు.
ఇంకొకటి ఎంతకీ కొరుకుడు పడక
టీ విరామమంతా నములుతూ కూర్చుంది.
ఒక శుక్రవారం చీటీ తడిసి సిరా కారిపోయింది.
ఆ మాటేదో మా ఇద్దరికీ ఇప్పటికీ తెలీదు.

ఎందుకే ఇన్ని, అన్నాను.
కత్తి పట్టడానికి పది మాటలు చాలవూ?
ఆ పదీ వాళ్ళు ఇచ్చినవి, అంది.
ఇవి నేను తెచ్చుకున్నవి.

ఫిబ్రవరిలో వచ్చింది రిడండెంట్.
వాక్యంలోంచి తీసేసినా అర్థం మారని మాటట.
"రిటర్న్ బ్యాక్ అంటావే నువ్వు, అందులో బ్యాక్."
చేతులకి పొలుసులతో నవ్వుకున్నాం.

మార్చిలో
పంచింగ్ గడియారం పక్కన కాగితం అంటించారు.
పేర్లు లేవు. నంబర్లు, నూట పన్నెండు.
పైన లావుపాటి అక్షరాల్లో
ఆ మాటే.
"ఏమంటోంది?" జెమోవిత్ అడిగాడు.
పందొమ్మిదేళ్ళు, పెళ్ళై రెండు నెలలు.
అందరూ దంగువోలె వైపు తిరిగారు.
నాకూ తెలుసు. నేను నోరు విప్పలేదు.

పైకి చదివింది, పొల్లు పోకుండా.
"తప్పుగా వాడారు" అంది.
"మనల్ని తీసేస్తే అర్థం మారుతుంది."
జెమోవిత్‌కి ఎక్కలేదు. మళ్ళీ అడిగాడు.
అప్పుడు ఆ పది మాటల్లోంచే ఏరి చెప్పింది:
పని లేదు. ఇల్లు. వెళ్ళు.
బెల్టు మీద చేపలు వస్తూనే ఉన్నాయి,
ఒకదాని మీద ఒకటి.

సాయంత్రం బస్టాపులో వాన.
గ్లవ్‌లోంచి సంచి తీసింది.
చూద్దామని వంగాను.
గుప్పిట మూసేసింది.
"ఇది రేపటిది."