రవ్వ మీద దేశం

గురువారం రాత్రి
అమ్మ కర్ర పళ్ళెం నిండా గోధుమ రవ్వ పరిచి
ఉప్పునీళ్ళ కోసం లేచింది.
ఆ కాస్త సందులో
బెల్గాసెం మామ చూపుడువేలితో
దేశం గీసేశాడు.

పై అంచు సముద్రం.
కింద ఎంత గీసినా ఎడారికి పళ్ళెం చాల్లేదు,
మిగిలింది బల్ల గుడ్డ మీదికి పారింది.
"మనం ఇక్కడ" అని నానిన శనగ ఒకటి గుచ్చాడు.
శనగ చుట్టూ గోటితో లోయ,
లోయ మీద అగ్గిపుల్లలు: మా వంతెనలు.
కాన్‌స్టాంటిన్ అంటే అంతే మరి,
పాలప్యాకెట్ తేవాలన్నా
పాతాళం మీదుగా నడవాలి.

ముప్పై ఏళ్ళు లారీ తోలిన మామకి
కిలోమీటర్ల లెక్క రాదు.
"బత్నా దాకా మూడు సిగరెట్లు.
గర్దాయా దాకా ఒక టైరు.
అక్కణ్ణించి తిమిమూన్, దేవుడి దయ."
తమన్రాసెత్ ఎంత దూరమంటే
టీ గ్లాసు బోర్లించి ఊరుకున్నాడు.

లఖ్దర్ ఫోను చూసి సరిచేస్తున్నాడు:
అక్కడ పెట్రోలు బంకు లేదు, ఇక్కడుంది,
అసెక్రెమ్ కొండ మీద తెల్లవారాలంటే
మనిషికి రెండు దుప్పట్లు.
ఎడారిలో చలేమిటని వదిన నవ్వితే
మామ నవ్వలేదు.

వదిన నోవారాకి సముద్రం కావాలి.
"పెళ్ళై ఆరేళ్ళు, బెజాయాలో ఒక్క చేప తినిపించాడా?" అంటూ
గోరింట వేలితో పై అంచున అలలు పోసింది.

నాకు గర్దాయా.
ఎందుకో చెప్పలేదు.
మందుల షాపులో నా పక్క కౌంటరు బాహ్మద్‌ది ఆ ఊరు.
వరదొచ్చిన ఏడు అక్కడ
చెట్లు లెక్కపెట్టి తోటలకు నీళ్ళు పంచుతారట.
అతను చెబుతుంటే విన్నాను, అంతే.

నలుగురి వేళ్ళూ ఒకే రవ్వలో.
దారి మీద దారి పడి
కోడి కెలికిన కుప్పయింది దేశం.

అమ్మ గిన్నెతో వచ్చింది.
అరుస్తుందనుకున్నాం,
నా వంటలో వేలు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పలేదు!
అరవలేదు.
వంగి, శనగని వెతుక్కుని,
తడి వేలితో కిందికొక గీత లాగింది.
బత్నా దాటి బెత్తెడైనా పోకుండా ఆగింది.
"ఎల్ కంతరా. నేనిక్కడ దిగిపోతా."

బిస్క్రా కూడా రాలేదు కదమ్మా,
ఖర్జూరాలైనా చూడవా అన్నాడు లఖ్దర్.

తాత రైలు పట్టాల కూలీ అని మాకు తెలుసు.
తెలియంది ఇది:
రాత్రి బూట్లు విప్పుకుంటూ
ఏడేళ్ళ హద్దాకి చెప్పేవాడట,
అక్కడ కొండకో చీలిక, దాని పక్కన సొరంగం,
బండి ఇటు వానతో దూరి
అటు ఎండతో బయటపడుతుందని.
ఇటు మంచు, అటు ఖర్జూర వనం,
మధ్యలో చీకటి
నువ్వు ఇరవై లెక్కపెట్టేంత.

"తీసుకెళ్తానన్నాడు" అంది.
ఆ ఏడు యుద్ధం ముదిరింది.
ఇంటికి సుత్తి ఒక్కటే వచ్చింది.

ఇక నీళ్ళు చిలకరించి
అరచేతులు తిప్పడం మొదలుపెట్టింది.
ముందు సముద్రం పోయింది.
తర్వాత గర్దాయా, నేను చూస్తుండగానే.
తమన్రాసెత్ ఉండలు కడితే జల్లెడ పట్టింది.
గుండ్రంగా, గుండ్రంగా
దేశమంతా ఆవగింజలంతయ్యేదాకా.
శనగని మాత్రం తీసి
పొయ్యి గట్టు మీద పెట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం అందరం తిన్నాం.
ఉప్పెక్కువైందన్నాడు మామ.
సముద్రం నీ వాటాకొచ్చినట్టుంది అంది వదిన.

శనివారం స్టేషన్లో నేను.
కిటికీ వెనక కుర్రాడు తలెత్తకుండా,
ఎక్కడికి?
బిస్క్రాకి ఐదు.
రానూ పోనూ?
ఆఁ.
చిల్లర తీసుకున్నాక కూడా కదల్లేదు.
"ఎల్ కంతరా సొరంగంలో
పెట్టెల్లో లైట్లు వేస్తారా?"
అప్పుడు తలెత్తాడు.
వెనక క్యూ గొణుగుతోంది.
"వేస్తే,
ఆర్పమని ఎవర్నడగాలి?"