ఇరవై, పందొమ్మిది

రాత్రి పదకొండూ నలభై రెండు.
రాషిదియా డిపోలో నా ముందున్న తెర మీద
ఒక గీత ఎర్రబడి
అట్లే నిలిచిపోయింది.

ఎయిర్‌పోర్టు స్టేషన్‌కు ముందు వంపులో
పట్టాకు అంటుకొని రెండు చిన్న పెట్టెలుంటాయి,
వంపు మొదట్లో ఒకటి, చివర ఒకటి.
రైలంటే ఏమిటో వాటికి తెలియదు.
ఇరుసుల్ని లెక్కపెట్టడం ఒక్కటే వచ్చు.
లోపలికి ఎన్ని పోయాయో బయటికి అన్ని వస్తే
దారి ఖాళీ.

ఈ రాత్రి ఇరవై పోయాయి.
పందొమ్మిది వచ్చాయి.

ఇరుసు ఊడితే రైలు టర్మినల్ దాకా పోయేదే కాదు.
నాకు తెలుసు, కంట్రోల్ రూములో శశీంద్రన్‌కూ తెలుసు.
ఎండకు పగిలిన సీలు అయ్యుంటుంది,
లేకుంటే ఇసుక.
అయినా తెర మీద, ఆ వంపులో
ఒక్క ఇరుసు రైలొకటి నిలబడి ఉంది,
ఎవరూ ఎక్కనిది, ఎక్కడికీ పోనిది.

దాని వెనుక ఆఖరి బండి ఆగింది.
డ్రైవరు లేని బండి, జనం ఎవరిని తిట్టుకోవాలి?
కెమెరాలో చూశాను:
తాళ్లు కట్టిన అట్టపెట్టెలు మూడు,
నోరు తెరిచి నిద్రపోతున్న నర్సు,
ఆడవాళ్ల బోగీలో
మగవాళ్ల స్వెట్టరు వేసుకున్న ఒకామె.
మన కడప మనిషో, లంక మనిషో తెలియలేదు.
పాస్‌పోర్టు ఉన్న కవరును రెండు చేతులా పట్టుకొని
మాటిమాటికీ లేచి
తలుపు మీది మ్యాపులో వెలగని చుక్కను
మోచేత్తో పొడిచి చూస్తోంది.

"ఓదేలూ, రీసెట్ కొట్టేయ్.
మూడు విమానాల జనం ఉన్నారు."
రెండు మీటలు. అంతే పని.

కాజీపేటలో భూమయ్య మేస్త్రి
సిగ్నల్ స్తంభం కింద బీడీ ఆర్పుతూ చెప్పేవాడు:
"తీగ తెగిందనుకో,
చెయ్యి దాని బరువుకు అదే అడ్డం రావాలె.
తెల్వని కాడ ఎరుపే బిడ్డా.
దానికి సిగ్గెందుకు?"

"చూసి వచ్చి కొడతాను" అన్నాను.
శశీంద్రన్ మలయాళంలో ఏదో అన్నాడు,
అడగలేదు.

ఆ ముక్కకు కరెంటు తీశాక
గుల్ జమాన్, నేను, రెండు టార్చీలు.
ఆగస్టు గాలి తడిగుడ్డలా ముఖాన పడింది.
మా నెత్తి మీదుగా విమానం కడుపు ఒకటి దిగింది,
దాని చక్రాలు లెక్కపెట్టాను. అలవాటు.

ఈ దేశంలో దిగిన రోజు
నన్నూ ఇట్లాగే లెక్కపెట్టారు,
కంటిపాప ఒకసారి, వేళ్లు ఒకసారి.
నా వెనుక వరుసలో గంభీరావుపేట ఎల్లన్న.
కంపెనీ మూతబడ్డాక ఖల్లివెల్లి అయ్యాడు.
సత్వాలో కనబడ్డాడన్నారు,
అజ్మాన్‌లో గోడలకు సున్నం వేస్తున్నాడన్నారు,
తరువాత అనడం కూడా మానేశారు.
పోయిన లెక్కలో ఉన్నాడు,
వచ్చిన లెక్కలో లేడు.
ఆయన కోసం ఏ బండీ ఆగలేదు.
ఆపమని ఎవరూ అనలేదు,
ఆయన మంచం మీద మూడో రోజే
నా సూట్‌కేసు పెట్టుకున్నాను.

వంపంతా నడిచాం.
పట్టా మీద ఏమీ లేదు.
రెండో పెట్టె కింద కేబుల్ మెడ వదులైంది,
గుల్ జమాన్ పళ్ల మధ్య టార్చి పెట్టుకొని బిగించాడు.
"ఖాళీ" అని వాకీటాకీలో చెప్పాను.
తెర చెప్పింది కాదు, చూసి చెప్పిన మాట.

పన్నెండూ పందొమ్మిదికి బండి కదిలింది.
తలుపు పూర్తిగా తెరుచుకోకముందే
ఆ స్వెట్టరు మనిషి పక్కకు తిరిగి దూరి
పరుగెత్తిందట. శశీంద్రనే చెప్పాడు.
విమానం అందిందో లేదో
మా కెమెరాలు అంతదాకా చూడవు.

రిపోర్టులో రాశాను:
ఆలస్యం, ముప్పై ఏడు నిమిషాలు.
ప్రమాదం, లేదు.

పొద్దున షిఫ్టు దిగి
స్టేషన్ గేటుకు కార్డు ఆనించాను.
టక్కుమంది.
నేను బయటికి వచ్చినట్టు లెక్క.