తోడు పిండి

మా బేకరీలో రాత్రి మూడింటికే తెల్లవారుతుంది.
జూలై నెల. ఉత్తరాన అడవులు తగలబడుతున్నాయి.
థండర్ బే ఊరంతా పొగ వాసన,
సరస్సు ఉందని నమ్మడమే గాని కనిపించదు.

ఎసినామ్ వస్తుంది, వెనక గుమ్మంలో ఆగిపోతుంది.
లోపలికి రావచ్చు. పిండి ముట్టకూడదు.

రెండేళ్లు ఆమె వారానికి ఇరవై నాలుగు గంటల మనిషి.
ఇరవై అయిదో గంట మొదలయ్యే లోపు
చేతులు కడుక్కుని, ఏప్రన్ మేకుకి తగిలించి,
సగం పిసికిన ముద్దని నాకప్పగించేది.
"రూలు, మిస్ అయిలి" అనేది,
దొంగతనం చేయనందుకు క్షమించమన్నట్టు.

ఇప్పుడు చదువైపోయింది, ఆ ఇరవై నాలుగూ పోయాయి.
చదివింది అడవుల గురించి:
ఏ చెట్టుకి ఏ పురుగు పడుతుంది,
కాలిన నేలలో ముందుగా ఏది మొలుస్తుంది.
జూన్‌లో గౌను వేసుకుని ఫొటో దిగింది.
లెక్క ఆ రోజు నుంచి కాదట,
మార్కులు ఖాయమని కాలేజీ ఉత్తరం వచ్చిన రోజు నుంచట.
సంబరం నాటికే ముప్పై ఎనిమిది రోజులు
జేబులోని చిల్లర జారినట్టు జారిపోయాయి.

నూట ఎనభై రోజుల్లోపు అడగవచ్చు అంటుంది కాగితం.
చదువు పర్మిట్ మాత్రం తొంభయ్యో రోజునే కన్నుమూస్తుంది.
ఇచ్చిన చెయ్యి ఒకటి, గుంజుకునే చెయ్యి ఇంకొకటి.

గోడ మీద పిండి కంపెనీ క్యాలెండర్.
దాని మీద నేను రాసుకుంటాను:
శనివారం రై రొట్టెలు నలభై, పెళ్లివారికి ఏలకుల బన్నులు.
ఆమె పెన్సిల్‌తో మూలల్లో అంకెలు వేస్తుంది.
డెబ్బై ఒకటి. డెబ్బై రెండు.
నా బన్నులూ ఆమె రోజులూ
ఒకే గడిలో ఇరుక్కుని పడుకుంటాయి.

అన్నీ ఉన్నాయి ఆమె దగ్గర.
పుట్టి బుద్ధెరిగి ఇంగ్లీషులోనే చదివిన పిల్ల
డబ్బు కట్టి ఇంగ్లీషు వచ్చునని రుజువు చేసుకుంది.
కోర్సు పేరు జాబితాలో ఉంది.
పక్కగది దిల్‌షోద్ చదివిన హోటళ్ల చదువు లేదు,
ఆ మాట ఏజెంటు చెప్పలేదు,
అతను మొన్న పెద్ద సూట్‌కేసు కొన్నాడు.

లేనిది ఒక్కటే: ఆయుష్షున్న పాస్‌పోర్టు.
ఆమెది మార్చిలో చచ్చిపోతుంది.
మూడేళ్లు రావలసిన పర్మిట్
పాస్‌పోర్టు బతికినన్నాళ్లే బతుకుతుంది.
పందిరి కూలాక తీగ దేన్ని పట్టుకుంటుంది?
కొత్తది ఒట్టావా నుంచి రావాలి.
ఎప్పుడొస్తుందని అడిగితే
ఫోన్‌లో నలభై నిమిషాలు సంగీతం వినిపించారు.

మా అవ్వ ఫిన్లాండ్ నుంచి ఓడ దిగినప్పుడు
రేవులో అడిగింది ఒక్కటేనట: రొట్టె చేయడం వచ్చా?
వచ్చునంది. రాదు.
గుడ్డకి పూసి ఎండబెట్టిన తోడు పిండి మాత్రం తెచ్చుకుంది,
ఎవరో పెట్టిపంపినది. ఇప్పటికీ మా సీసాలో ఉన్నది అదే.
రోజూ గుప్పెడు పిండి, గుక్కెడు నీళ్లు.
ఒక్క పూట మరిచిపోతే పైన నల్లటి నీరు కక్కుతుంది.
రెండేళ్లు దానికి తిండి పెట్టింది ఎసినామ్.
ఇప్పుడు గుమ్మంలో నిలబడి చెబుతుంది:
"ఇంకాస్త నీళ్లు."

ఎనభై ఏడో రోజు తెల్లవారుజామున
కౌంటర్ మీది పాత కంప్యూటర్‌లో అడిగేసింది,
మార్చి వరకే వచ్చినా సరేనని.
కొత్త పాస్‌పోర్టు వచ్చాక మిగతాది మళ్లీ అడగవచ్చట,
మళ్లీ కాగితాలు, మళ్లీ రుసుము.
నా కార్డు తీస్తే చెయ్యి అడ్డం పెట్టి తనది గీసింది.
చాలాసేపు చక్రం తిరిగింది. రసీదు వచ్చింది.

జవాబు వచ్చేదాకా పని చేయవచ్చంటుంది రసీదు.
రెండుసార్లు చదివింది, నాకిచ్చి నాచేత చదివించింది.
తర్వాత మేకు మీంచి ఏప్రన్ తీసుకుంది.

ఆ శుక్రవారం,
రై ముద్ద మధ్యలో ఉండగా గడియారం చూసి
ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది.
ఇరవై అయిదో గంట.
నేనేమీ అనలేదు. పొయ్యి తలుపు తెరిచాను.
పిండంటిన వేళ్లు గాల్లో పట్టుకుని
కాసేపు అలాగే నిలబడింది,
ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని.